పొట్ట తగ్గాలంటే ఇంటి నడవడి మారాలి

ఉత్తరాంధ్రలో వ్యాయామశాలకు పెద్దలు వాడిన పాత పేరు తాలింఖానా. ‘తాలీమ్’ అంటే శిక్షణ. ‘కసరత్తు’ అనే మాట కూడా అరబ్బీ మూలం నుండి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చినదే. దండేలు, బస్కీలు తీసి, కర్రసాము నేర్చి, శరీరాన్ని క్రమశిక్షణకు అలవాటు చేసే ఆ సంప్రదాయం ఈ ప్రాంతానికి ఎందరో బలశాలులను ఇచ్చింది. వీరఘట్టంలో జన్మించి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేసి, అనంతరం బలప్రదర్శనలతో దేశమంతటా ఖ్యాతి పొందారు. శ్రీకాకుళంలోని క్రీడా మైదానం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆమదాలవలస మండలం వూసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ గ్రామం వెయిట్‌లిఫ్టర్లకు పుట్టినిల్లు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడలలో రజత పతకం అందుకున్నారు.

అదే నేలపై నివసిస్తున్న మన ఇళ్లలోకి ఒకసారి తొంగి చూసుకుందాం. నలభై ఏళ్లకే మెట్లెక్కితే ఆయాసపడే అబ్బా, ప్రసవం తరువాత పెరిగిన పొట్టను ఇక తగ్గదని వదిలేసిన అమ్మీ, మోకాళ్ల నొప్పులతో కూర్చున్న చోటనే ఉండిపోయే దాదీ, బడి నుండి రాగానే సెల్‌ఫోన్ ముందు చతికిలబడే పిల్లలు మనకు కొత్తవారు కారు. పొట్ట తగ్గే ఉపాయం చెప్పమని అడిగేవారిలో చాలామంది అందం కోసం అడుగుతారు. అందం కోరుకోవడం తప్పేమీ కాదు. అయితే అంతకంటే పెద్ద విషయం ఇందులో ఉన్నది.

లోపలి కొవ్వుతోనే ముప్పు

పొట్ట దగ్గర చేరే కొవ్వు రెండు రకాలు. చర్మం కింద మెత్తగా చేతికి అందేది మొదటిది. కాలేయం, ప్రేగులు మొదలైన అవయవాల చుట్టూ లోపల పేరుకునేది రెండవది. ఈ లోపలి కొవ్వు నిద్రాణంగా పడి ఉండదు. కొవ్వు ఆమ్లాలను, వాపును కలిగించే పదార్థాలను రక్తంలోకి విడుదల చేస్తూ ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది. మధుమేహం, అధిక రక్తపోటు, గుండెజబ్బు, కాలేయంలో కొవ్వు చేరడం వంటి వ్యాధులకు ఇది దారితీస్తుంది.

మన దేశస్థుల శరీరతత్వం ఈ విషయంలో మరింత జాగ్రత్తను కోరుతుంది. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు రావడం మనలో సర్వసాధారణం. అదే బరువున్న ఐరోపా వాసితో పోల్చితే మన శరీరంలో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త అధ్యయన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం వయోజనులలో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 39.5 శాతం మందికి పొట్ట దగ్గర స్థూలకాయం ఉన్నాయి. అనగా ప్రతి పదిమంది పెద్దలలో దాదాపు నలుగురి పొట్ట హద్దు దాటింది.

ముందుగా కొలత తీసుకుందాం

బరువు తూచే యంత్రం ఈ ముప్పును పూర్తిగా చూపదు. దర్జీ వాడే కొలత టేపు చాలు. ఉదయం పరగడుపున నిటారుగా నిలబడి, చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడుమనున్న చోట టేపును చర్మానికి ఆనించి చుట్టాలి. పొట్టను లోపలికి లాగకూడదు. ఊపిరి మామూలుగా వదిలిన తరువాత కొలవాలి. మన ప్రాంతపు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించితే ప్రమాద సూచనగా వైద్యులు పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత మన ఎత్తులో సగానికి మించకుండా ఉంటే మంచిదన్నది మరొక సులువైన లెక్క.

ఈ కొలతను ఒక కాగితంపై తేదీతో సహా వ్రాసి ఉంచుకుందాం. వారానికొకసారి కాక నెలకొకసారి చూసుకుంటే చాలు. రోజూ కొలిచేవారు త్వరగా నిరాశ చెందుతారు. గర్భిణులకు ఈ కొలతలు వర్తించవు. ఎవరికైనా పొట్ట కొద్దివారాలలోనే ఉబ్బి పెరిగినా, దానితో పాటు ఆకలి మందగించినా, నొప్పి, కాళ్ల వాపు, కామెర్లు వంటి లక్షణాలు కనిపించినా అది కొవ్వు అనుకొని వ్యాయామం మొదలుపెట్టక వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

పొట్ట కసరత్తుతోనే పొట్ట కరగదు

చాలామంది రోజూ వంద సార్లు పడుకొని లేచే కసరత్తు చేసి, నెల తరువాత పొట్ట అలాగే ఉన్నదని విడిచిపెడతారు. ఏ భాగాన్ని కదిలిస్తే ఆ భాగంలోని కొవ్వే కరుగుతుందన్నది అపోహ. శరీరం తనకు కావలసిన శక్తిని ఒంటిలోని కొవ్వు నిల్వలన్నింటి నుండి తీసుకుంటుంది. ఎక్కడి నుండి ముందు తీయాలో మన ఆజ్ఞ ప్రకారం నడవదు. పొట్ట కసరత్తులు పొట్ట కండరాలను బలపరుస్తాయి. నడుము నొప్పిని తగ్గిస్తాయి. నిలుచునే తీరును సరిదిద్దుతాయి. కానీ ఆ కండరాలపైన ఉన్న కొవ్వు పొర మన భోజనమూ, రోజంతటి కదలికా మారినప్పుడే పలచబడుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కిలో కేలరీల శక్తి ఉంటుంది. సగటు బరువున్న మనిషి అరగంట వడిగా నడిస్తే ఖర్చయ్యేది కూడా దాదాపు అంతే. కూరలో అదనంగా పోసిన ఆ ఒక్క చెంచా నూనె మన అరగంట నడకను తుడిచిపెట్టగలదు. కాబట్టి పొట్ట తగ్గించే పని వ్యాయామశాలలో కంటే ముందు వంటింట్లో మొదలవుతుంది.

పళ్లెంలో మార్పు

తినండి, త్రాగండి, అయితే మితిమీరవద్దని దివ్య ఖుర్ఆన్ ‘అల్ ఆరాఫ్’ సూరాలో ఉపదేశిస్తున్నది. మనిషి నింపే పాత్రలలో కడుపు కంటే చెడ్డది లేదనీ, నడుము నిలబెట్టేపాటి ముద్దలు చాలనీ, అంతకుమించి తినవలసివస్తే కడుపులో మూడింట ఒక వంతు ఆహారానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు శ్వాసకు ఉంచుకోవాలనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన హదీసును తిర్మిజీ గ్రంథం నమోదు చేసింది. ఆకలి పూర్తిగా తీరకముందే చేయి కడుక్కోవడం ఒక సున్నతును బ్రతికించడమే అవుతుంది. నెమ్మదిగా, బాగా నమిలి తింటే కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు సకాలంలో అందుతుంది.

మన జిల్లాలలో పళ్లెమంటే అన్నపు కుప్ప, దాని అంచున కాస్త కూర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఈ లెక్కను తిరగవేయమంటున్నాయి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మిగిలిన సగంలో ఒక భాగం అన్నం లేదా చిరుధాన్యాలు, మరొక భాగం పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం వంటివి. అన్నం పూర్తిగా మానవలసిన పని లేదు. రెండు గరిటెల అన్నాన్ని ఒకటిన్నరకు, తరువాత ఒకటికి తగ్గించి, ఆ ఖాళీని కూరతో, పప్పుతో నింపితే ఆకలి వేయదు.

ఇందుకు కావలసిన సరుకు మన ఊళ్లలోనే ఉన్నది. చోళ్ళు వంద గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఇస్తాయి. చోడి అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ కలిపి ఉదయం తీసుకుంటే నూనెలో వేగిన పూరీ కంటే ఎంతో మేలు. అయితే చోళ్ళలో కూడా పిండిపదార్థమే ఎక్కువ కనుక మధుమేహం ఉన్నవారు గ్లాసుల కొద్దీ త్రాగకూడదు. ఉలవలు, పెసలు, బొబ్బర్లు ఉడికించి పిల్లలకు సాయంకాలపు చిరుతిండిగా పెట్టవచ్చు. మునగాకు, తోటకూర, బచ్చలి ఏ సంతలోనైనా దొరుకుతాయి. కళింగపట్నం, భావనపాడు వంటి తీరాల నుండి వచ్చే చేపలను వేపుడు చేయక పులుసుగా వండితే నూనె చాలావరకు మిగులుతుంది.

ఇక టీ సంగతి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చిన్న చెంచాల చక్కెర అనుకుంటే సుమారు 32 గ్రాములు. విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములలోపు ఉంటే అదనపు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. టీతోనే ఆ హద్దు దాటిపోయాము. ఇంకా బిస్కెట్లు, శీతల పానీయాలు, మిఠాయిలు లెక్కలోకి రాలేదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ పోతే నాలుక ఆ మార్పును ఇబ్బంది లేకుండా అంగీకరిస్తుంది.

అడుగు కదపాలి

పెద్దలకు వారంలో కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం, దానికి తోడు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట వడి నడక ఈ లెక్కకు సరిపోతుంది. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగమే వడి నడక. ఒకేసారి అరగంట వీలుకానివారు పదేసి నిమిషాలుగా మూడుసార్లు నడవవచ్చు. భోజనానంతరం పది నిమిషాల నడక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా సహాయపడుతుంది.

మన తీరప్రాంతంలో ఉక్క ఎక్కువ. వేసవిలో ఎండవేళ నడిస్తే వడదెబ్బ ప్రమాదం ఉన్నది. ఫజ్ర్ నమాజు తరువాతి చల్లని గంట ఇందుకు అన్నివిధాలా అనుకూలమైనది. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు, విజయనగరంలో కోట పరిసరాలు ఆ వేళ ప్రశాంతంగా ఉంటాయి. మసీదు నడవగలిగే దూరంలో ఉన్న పురుషులు మోటారు సైకిలును ఇంటివద్దే ఉంచితే, వ్యాయామానికి వేరే సమయం వెతకవలసిన అవసరమే తగ్గుతుంది. నమాజు ఆరాధన. దానిని వ్యాయామంగా లెక్కించము. కానీ నమాజు కొరకు వేసే అడుగులకు పుణ్యం ఉన్నదని మనకు తెలుసు. ఆ అడుగులు దేహానికీ మేలు చేస్తాయి.

ఇంట్లోనే పన్నెండు నిమిషాలు

బయటకు వెళ్లే వీలు లేని స్త్రీలు, వృద్ధులు, దుకాణం విడిచి రాలేని వారు వారంలో మూడు రోజులు ఇంట్లోనే ఈ ఐదు కసరత్తులు చేయవచ్చు. ఏ పరికరమూ అక్కరలేదు. ఒక చాప చాలు.

1. బస్కీలు: కుర్చీ ముందు నిలబడి, దానిపై కూర్చోబోతున్నట్లు మెల్లగా వంగి, కుర్చీ తాకగానే లేవాలి. పదిసార్లు.

2. గోడ దండేలు: గోడకు రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచి ఛాతీని గోడ దగ్గరకు తెచ్చి తిరిగి వెనక్కి నెట్టాలి. పదిసార్లు.

3. వంతెన: వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, పాదాలు నేలపై ఉంచి, నడుమును పైకెత్తి మూడు అంకెలు లెక్కించి దించాలి. పదిసార్లు.

4. ఎదురు చేయి, ఎదురు కాలు: వెల్లకిలా పడుకొని చేతులు పైకి చాచి, మడిచిన కాళ్లు గాలిలో ఉంచాలి. కుడి చేయి తల వెనుకకు, ఎడమ కాలు ముందుకు నెమ్మదిగా దించి మళ్లీ పైకి తేవాలి. తరువాత రెండవ వైపు. నడుము నేలను వదలకూడదు. వైపుకు ఐదుసార్లు.

5. ప్లాంక్: బోర్లా పడుకొని మోచేతులపై, కాలివేళ్లపై శరీరాన్ని పలకలా నిలపాలి. మొదట్లో మోకాళ్లు నేలకు ఆనించవచ్చు. పది సెకన్లతో మొదలుపెట్టి వారానికి ఐదు సెకన్లు పెంచుకోవాలి.

మొత్తం ఒక వరుస పూర్తయ్యాక ఒక నిమిషం విశ్రాంతి తీసుకొని మరొక వరుస చేయాలి. ఊపిరి బిగబట్టరాదు. ముఖ్యంగా రక్తపోటు ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. గుండెజబ్బు, హెర్నియా, తీవ్రమైన నడుము నొప్పి ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి. కండ పెరిగే కొద్దీ విశ్రాంతిలో కూడా శరీరం కాస్త ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. నలభై దాటిన తరువాత కండ క్రమంగా తగ్గుతుంది కనుక ఈ కసరత్తులు పెద్దవారికి మరింత అవసరం.

ప్రసవానంతరం అమ్మ పొట్ట

గర్భధారణలో పొట్ట మధ్యనున్న నిలువు కండరాలు రెండు వైపులకూ జరుగుతాయి. కొందరిలో ప్రసవమైన నెలల తరువాత కూడా ఆ ఎడం పూడదు. వెల్లకిలా పడుకొని తల కొద్దిగా ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా పైకి ఉబికితే ఇదే కారణం కావచ్చు. అటువంటివారు లేచి కూర్చునే కసరత్తులు చేస్తే ఎడం మరింత పెరగవచ్చు. వీరు ఫిజియోథెరపిస్టును సంప్రదించి, పొట్టను లోపలికి తీసుకుంటూ నిదానంగా శ్వాస వదిలే సాధనతో మొదలుపెట్టాలి. సిజేరియన్ అయినవారు వైద్యుని అనుమతితో నడక మొదలుపెట్టి, బరువైన కసరత్తులను వైద్యుడు సరేనన్న తరువాతనే చేయాలి. పొట్టకు గుడ్డ బిగించి కట్టడం ఆసరా ఇస్తుందే గాని కొవ్వును కరిగించదు. బాలింతకు నెయ్యి లడ్డూలు ప్రేమతో పెడతారు. ఆ ప్రేమను పప్పు, గుడ్లు, ఆకుకూరలు, పండ్ల రూపంలో చూపితే పాలు తాగే బిడ్డకూ మేలే.

ఇక్కడ ఇంటి మగవారికి ఒక మాట. తెల్లవారుజాము నుండి ఇషా వరకు పని చేసే స్త్రీకి వ్యాయామం చేసుకోమని చెప్పడం తేలిక. ఆ అరగంట బిడ్డను ఎవరు పట్టుకుంటారన్నదే అసలు ప్రశ్న. ఇంటిపని వ్యాయామమే కదా అని వాదించడం సరికాదు. ఆ పనిలో ఎక్కువ భాగం గుండెను వేగంగా కొట్టించదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారని అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. భార్యకు ఉల్లాసాన్నీ, దేహ చలనాన్నీ కలిగించడం గృహస్థు స్థాయికి తక్కువ కాదని ఆ సంఘటన మనకు నేర్పుతుంది.

రమజాన్, దావత్

ఉపవాసం ఆరాధన. బరువు తగ్గే ఉపాయంగా దానిని దిగజార్చకూడదు. అయినా నెలంతా ఉపవాసం ఉండి రెండు కిలోలు పెరిగామని చెప్పేవారు మన మధ్య ఉన్నారంటే, లోపం ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌పై ఉన్నది. ఖర్జూరం, నీటితో ఉపవాసం విరమించి, మగ్రిబ్ నమాజు చేసి, ఆ తరువాత పండ్లు, ఉడికించిన సెనగలు, మితమైన భోజనం తీసుకుంటే వేపుళ్ల కోరిక చాలావరకు తగ్గుతుంది. తరావీహ్‌కు నడిచి వెళ్లడం మరొక మేలు. మధుమేహానికి మందులు వాడేవారు రమజాన్‌కు ముందే వైద్యునితో మాట్లాడి మోతాదులు సరిచేసుకోవాలి.

వలీమాలో, దావత్‌లో అతిథిని బలవంతపెట్టి వడ్డించడం మర్యాదగా మారింది. బిర్యానీని పళ్లెం నిండా కాక చిన్న గరిటెతో వడ్డించి, పక్కన కీరా, ఉల్లి, పెరుగు ధారాళంగా ఉంచితే అతిథికి అగౌరవం కాదు. మిగిలి చెత్తలో పడే ఆహారమూ తగ్గుతుంది.

నిద్ర, పొడులు, బెల్టులు

ఏడు గంటలకు తక్కువ నిద్రపోయేవారిలో ఆకలిని పెంచే హార్మోన్లు రేగి, తీపి, వేపుళ్లపై కోరిక ఎక్కువవుతుంది. ఇషా తరువాత త్వరగా పడుకొనే అలవాటును సెల్‌ఫోన్ మన ఇళ్ల నుండి తరిమేసింది. పడకగదిలోకి ఫోను రాకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే ఫజ్ర్‌కు లేవడమూ సులువవుతుంది, పొట్టకూ మేలు కలుగుతుంది.

పొట్ట కరిగిస్తామని అమ్మే పొడులు, మాత్రలు, వణికే బెల్టులు కొవ్వును తీయలేవు. చెమట పట్టించి నీటిని తగ్గిస్తే తూకం ఒక రోజు మారుతుంది, మర్నాడు తిరిగి వస్తుంది. శ్రీకాకుళం జిల్లా వాసులు ఈ విషయంలో మరింత మెలకువగా ఉండాలి. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మొదలైన ఉద్దానం మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లను కుదిపివేసిందో మనకు తెలుసు. అటువంటి చోట లోపల ఏమున్నదో తెలియని పొడులను మింగడం, కసరత్తు నొప్పులకు సొంతంగా నొప్పి మాత్రలు వాడడం, నీరు త్రాగకుండా ఎండలో పరుగెత్తడం మూత్రపిండాలతో చెలగాటమాడడమే. ప్రోటీను పొడులు ప్రారంభించే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని వైద్యుని అడగాలి.

తూకం కదలకపోయినా ఆపవద్దు

మూడు నెలలు నిజాయితీగా ప్రయత్నించిన తరువాత తూకం కొద్దిగానే తగ్గిందని కొందరు విడిచిపెడతారు. మధుమేహం ముంగిట నిలిచిన 531 మందిపై చెన్నై పరిశోధకులు మూడేళ్లపాటు జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆహార నియమాలు, క్రమమైన నడక పాటించినవారిలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వారి బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. కంటికి కనిపించే మార్పు రాకముందే లోపల మేలు మొదలవుతుందని దీని అర్థం.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాని బాగోగులు ఇంట్లో ఏ ఒక్కరి పనీ కాదు. వంట చేసేవారు నూనె తగ్గిస్తే, సరుకు తెచ్చేవారు కూరగాయలు పెంచాలి. అమ్మ నడకకు వెళితే, నాన్న బిడ్డను ఎత్తుకోవాలి. పిల్లలు ఫోను పక్కన పెట్టాలంటే, ముందు పెద్దలు పెట్టాలి. ఈ శుక్రవారం జుమా నమాజు తరువాత ఇంటిల్లిపాదీ కూర్చొని కొలత టేపు తీసి, ఎవరి కొలత వారు వ్రాసుకొని, ఈ నెల మార్చుకోదలచిన ఒక్క అలవాటును కాగితంపై పెడదాం. వచ్చే నెల మరొకటి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్నీ, నిలకడనూ ప్రసాదించుగాక. ఆమీన్.